మెత్తని కుదుపు

బావగారి కొత్త బండిలోకి ఎక్కాలంటే ముందు ఒక కాలు మెట్టు మీద పెట్టి, పైనున్న పిడి పట్టుకుని, ఒంటిని బస్సులోకి లాక్కున్నట్టు లాక్కోవాలి. ఎక్కి కూర్చున్నాక తలుపు ఎవరో మర్యాదస్తుడు దగ్గరుండి వేసినట్టు మెత్తగా పడుతుంది, వీధిలో రొదంతా పక్కింటి గొడవైపోతుంది, అప్పుడు వాసన మొదలవుతుంది. కొత్త తోలు వాసన, దాని మీద అద్దానికి వేలాడే సెంటు సీసా వాసన, ఏ పండుదీ కాదు, ఏ పువ్వుదీ కాదు, ఆస్పత్రిలో నేల తుడిచే మందులోనూ సరిగ్గా ఇదే తీపి ఉంటుంది, రోగం మీద చల్లే తీపి. ఆమె రోజూలాగే రుమాలు ముక్కు దాకా తెచ్చి, బావగారు చూస్తారని నుదురు తుడుచుకుంది. రోజూ మధ్యాహ్నం ఆయన తన పరుపుల దుకాణం పనివాళ్ళకు అప్పగించి, ఆమె పనిచేసే కళ్ళద్దాల దుకాణం ముందు బండి ఆపి, ఒక్కసారే హారన్ కొట్టి, ఆస్పత్రికి తీసుకెళుతున్నాడు. అడక్కుండానే. ఒక్క రోజు మానలేదు. అలాంటి మనిషి సెంటు సీసాను చూసి వాంతికొస్తోందని అనుకోవడం కృతఘ్నత కాదూ అనుకుంది, అనుకున్నా వాసన తగ్గలేదు. "నడుము వెనక్కి ఆనించుకో అమ్మా," అన్నాడు బావగారు, "ఆ మీట నొక్కితే సీటు వెచ్చబడుతుంది కూడా." "వద్దు బావగారూ, బాగానే ఉంది," అంది. బాగానే ఉంది, అదే కదా అసహ్యం, నిజంగానే బాగుంది. పొద్దుటి నుంచీ దుకాణం వెనక గదిలో వంగి కూర్చుని అద్దాల అంచులు అరగదీసి, ఫ్రేముల్లో బిగించి, ఇంకెవరో లోకాన్ని సాఫీగా చూడడానికి తన మెడ విరగ్గొట్టుకున్నాక, ఆ సీటు నడుం పట్టుకుని, నీకెందుకు, నేనున్నాను కదా అంటోంది.

ఇవాళ ఆస్పత్రిలో తన భర్తను నిలబెడతామన్నారు. రెండు ఇనప కడ్డీల మధ్య, కొత్త పాదం తొడిగి. మీరు ఎదురుగా ఉంటే మంచిదమ్మా, మనిషికి చూసే ముఖం ఒకటి ఉండాలి అన్నాడు నడక నేర్పే ఆయన. చూసే ముఖం. ఏ ముఖం పెట్టుకుని చూడాలి. పెళ్ళైన కొత్తలో ఆయన మెట్లు రెండేసి ఎక్కేవాడు. లిఫ్టులు బాగుచేసేవాడికి లిఫ్టంటే నమ్మకం ఉండదే అనేవాడు. తమ చిన్న కారు కొన్న రోజున కూడా అంతే, మెట్లు దూకుతూ వచ్చి కిందికి లాక్కెళ్ళి చూపించాడు. ఆమె చూసి నవ్వి, మిగతా కారు ఎప్పుడిస్తారట అంది. అగ్గిపెట్టె అని పేరు పెట్టింది కూడా ఆమే. వెనక సీటు ఉందంటే ఉంది, అందులో పనిముట్ల సంచీ కూర్చునేది, ముగ్గురూ వెళ్ళాల్సొస్తే కూతురు సంచీని ఒళ్ళో పెట్టుకుని మోకాళ్ళు చెవుల దాకా ముడుచుకునేది. ఏ సందులోనైనా దూరుతుంది, రెండు చెత్తకుండీల మధ్య ఆపొచ్చు, ఇలాంటిది ఊళ్ళో అందరికీ ఉంటే ఊరు సగం ఖాళీగా ఉంటుందనేవాడు, నిజమే అనేది ఆమె. ఊరు సగం ఖాళీ చేయడానికి బయల్దేరినవాడిని ఒక మలుపులో, పట్టపగలు, ఎదురుగా గీత దాటి వచ్చిన ఒక ఈత మాస్టారి బండి గుద్దింది. ఈత మాస్టారికి క్లాసు వేళ దాటిపోతోందట. ఇలాంటి బండే, బహుశా ఇలాగే మెట్టూ పిడీ ఉన్నదే. దాని ముక్కు అగ్గిపెట్టెలోకి వచ్చి కూర్చుంది. అగ్గిపెట్టె ముక్కు ఆయన కాళ్ళ మీదికి వచ్చి కూర్చుంది. పైకప్పును డబ్బా మూత కోసినట్టు కోసి తీశారు మనిషిని. కుడికాల్లో కడ్డీలు వేశారు, ఎడమ పాదాన్ని ఇక దేనితోనూ కలపలేమని తీసేశారు. బతికాడు, అది చూడండి అన్నాడు డాక్టరు, అదే చూస్తోంది అప్పటి నుంచీ. పనిముట్లు తెచ్చుకుందామని పోలీసుల ఆవరణకు వెళ్ళినప్పుడు చూసింది బండిని. సీటుకూ స్టీరింగ్‌కూ మధ్య ఒక మనిషి పట్టే చోటే లేదు, దిండు కూడా పట్టదు. కింద మడత పడిన రేకుల్లో ఆయన ఎడమ బూటు ఇరుక్కుని ఉంది. లాగింది. రాలేదు. అక్కడి కాపలావాడు సిగరెట్టు పక్కకి పట్టుకుని, "అది కావాలంటే కొయ్యాలమ్మా," అన్నాడు, కూరగాయలు బేరమాడినట్టు. ఈగలు. ఆయిలు వాసనలో ఇంకేదో కలిసిన వాసన. ఛీ. ఆమె ఆ రోజు ఇంటికొచ్చి చేతులు ఎంత రుద్దుకుందో.

రుద్దుకోవాల్సింది చేతులు కాదు, చెవులు. ఎన్ని మాటలు పడ్డాయి వాటిలో. ఈత మాస్టారు భార్యతో సహా చూడడానికి వచ్చాడు, పళ్ళు తెచ్చాడు, మంచం పక్కన కూర్చుని, పక్కనున్నవాడికి పాదం లేదన్న సంగతి దుప్పటి మీద స్పష్టంగా కనిపిస్తుండగా, తన ఎడమ చెయ్యి ఎత్తి పట్టీ చూపించి, "బెణికిందండీ, కొన్నాళ్ళు నీళ్ళలో దిగొద్దన్నారు, నా ఇబ్బంది నాది," అన్నాడు. ఆయన భార్య పళ్ళ సంచీ సర్దుతూ, "ఏమాటకామాటే, మీ బండి మరీ చిన్నదండీ," అంది, జాలిగానే. ఆ జాలికి వింటున్న తన వేళ్ళు ముడుచుకుపోయాయి. ఆ తర్వాత అందరూ అదే పాట. దుకాణం యజమాని, పై అంతస్తు ఆవిడ, ఆయనతో పనిచేసే మిగతా లిఫ్టువాళ్ళు, చివరికి కూతురి లెక్కల టీచరు. అంత చిన్నదాంట్లో ఎలా తిరిగాడమ్మా. ధైర్యమే. అయినా పెద్దలు ఊరికే అన్నారా, ముల్లు వచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకు వచ్చి ముల్లు మీద పడ్డా, చిరిగేది ఆకే. ఈ సామెత ఎంతమంది చెప్పారో, చెప్పిన ప్రతివాళ్ళూ అప్పుడే తాము కనిపెట్టినట్టు తల ఊపారు, ఒక్కరైనా ముల్లు గురించి మాట్లాడరేం. ఆకుదే తప్పు, ఇంత పల్చగా ఎందుకు పుట్టావే అని ఆకునే తిడతారు. తిట్టి, ఇంటికి వెళ్ళి, ముల్లు కొనుక్కుంటారు.

బావగారూ అంతే కదా. తమ్ముడికి పూర్తిగా తెలివి రాకముందే కొన్నాడు ఈ బండి. ఆస్పత్రి వసారాలో గోడకు ముఖం పెట్టుకుని ఏడ్చిన మనిషే. "నాకు నిద్ర పట్టట్లేదమ్మా, కళ్ళు మూస్తే వాడి బండే," అన్నాడు, అది అబద్ధం కాదు. పరుపులమ్మేవాడికి నిద్ర పట్టట్లేదు, భయమేసింది, భయమేసినవాడు బండ్ల దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది చూసి కొనుక్కున్నాడు, పైగా నువ్వూ పిల్లా ఇక దీంట్లోనే తిరగాలన్నాడు. మొదటి రోజున ఆమె ఊరుకోలేక, "అగ్గిపెట్టెకీ భద్రత పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి బావగారూ, చూసే కొన్నారు ఆయన," అంటే, "ఆ పరీక్షలో గోడకి గుద్ది చూస్తారమ్మా. రోడ్డు మీద గోడలు ఎదురు రావు కదా. నాలాంటి వాళ్ళొస్తారు," అని నవ్వాడు. నవ్వు సగంలో ఉండగా తానేమన్నదీ తనకే వినబడి, అద్దం తుడిచే మీట నొక్కాడు, వాన లేకపోయినా. ఆ మాటే వెళ్ళి మంచం మీద ఉన్న ఆయనకు చెబితే ఆయన నవ్వాడు, ఆ నవ్వే ఆమెను చంపేస్తుంది. "నాలుగో క్లాసులో ఫస్టొచ్చిన పిల్లాడే మనవాడు. తీసుకెళ్ళి పదో క్లాసువాడితో కుస్తీకి దింపారు. మార్కులేం చేస్తాయి చెప్పు," అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు. పదో క్లాసువాడిని ఎదుర్కోవాలని బావగారు కాలేజీవాడిని తెచ్చుకున్నాడు, రేపు ఈత మాస్టారు పహిల్వాన్‌ను తెచ్చుకుంటాడు, ఎంత పెంచుకున్నా ఎవడో ఒకడు ఆ వేళకు చిన్నవాడై ఉండాల్సిందే, లేకపోతే పెద్దవాడు ఎవరికంటే పెద్ద. ఎదుటివాడి వంతు క్షేమం కూడా వీళ్ళే కొనేసుకుంటున్నారు. రోత. విందులో పక్కవాడి విస్తరి దాకా చెయ్యి చాపి తినేవాడిని చూస్తే పుట్టే రోత లాంటిది.

బండి ఆగింది. ముందు పొడుగ్గా వరస, దూరాన ఎర్ర దీపం. ఇంత ఎత్తు నుంచి చూస్తే అన్నీ నడినెత్తులే. స్కూటరు మీద పోయేవాడి బట్టతల, బస్సు కోసం పరిగెత్తే ఆవిడ పాపిట, కార్ల పైకప్పుల మీద దుమ్మూ పక్షి రెట్టలూ. సరిగ్గా తమ ముందు ఒక చిన్న కారు, అగ్గిపెట్టె కాదు కానీ దాని పెత్తల్లి కూతురు లాంటిది, పసుప్పచ్చది, వెనక అద్దంలోంచి నడిపే అమ్మాయి తల వెనక భాగం కనిపిస్తోంది. జుట్టు ముడి చుట్టి అందులో పెన్సిలు గుచ్చుకుంది. ఏదో పాట వింటోంది కాబోలు, తల చిన్నగా ఇటూ అటూ ఆడుతోంది, తలతోపాటు పెన్సిలూ. పెన్సిలు తియ్యడం మర్చిపోయి బయల్దేరిందో, ఎప్పుడూ అంతేనో. పక్క సీట్లో చుట్టలుగా చుట్టిన పెద్ద కాగితాలు, ఇళ్ళ ప్లాన్లు గీసే పిల్ల అయుండొచ్చు. ఆ అమ్మాయి వీపుకూ ఆ వెనక అద్దానికీ మధ్య ఎంత దూరం, మూర కూడా లేదేమో. ఆమె ఆ మూరనే చూస్తూ కూర్చుంది. వెనక లారీ ఏదో గట్టిగా హారన్ కొట్టింది, దూరంగా, పక్కింట్లో కొట్టినట్టు. అగ్గిపెట్టెలో అయితే లారీ హారన్ వినబడగానే తొడలు బిగుసుకునేవి, తన కాలి కింద బ్రేకు లేకపోయినా కాలు నేలను తొక్కేది, ఆయన చూసి నవ్వేవాడు. ఇప్పుడు కాలు తొక్కలేదు. కాళ్ళు రెండూ మెత్తటి చాప మీద వదులుగా పడున్నాయి, మెడ వెనక్కి ఆనింది, కళ్ళు మూతలు పడబోతున్నాయి. ఎప్పుడు జరిగింది ఇది. తను ఇక్కడ కూర్చుని తిట్టుకుంటూనే ఉంది, ఒళ్ళు మాత్రం తనకు చెప్పకుండా ఎప్పుడో పార్టీ ఫిరాయించింది. నిన్న బస్సులో వస్తానని చెప్పాలనుకుంది, చెప్పలేదు. మొన్నా అంతే. నోట్లో లాలాజలం చేదుగా ఊరింది, ఈసారి సెంటు సీసా వల్ల కాదు.

దీపం మారింది. వరస కదిలింది. "చీమలా పాకుతోంది చూడు," అన్నాడు బావగారు పసుపుపచ్చ కారును చూసి, కోపంగా కాదు, ముద్దుగానే, "ఇలాంటివాటిని పక్క సందుల్లో తిప్పుకోవాలి కానీ పెద్ద రోడ్డెక్కుతారేంటో." బండి దాని వెనకే వేగం అందుకుంది. ఆయన వేలు డాష్‌బోర్డు మధ్యనున్న పెద్ద తెర మీద పాట మార్చడానికి వెళ్ళింది. ఆమె చూస్తూనే ఉంది. అట్టపెట్టెల తోపుడు బండివాడు రోడ్డుకు అడ్డంగా రావడం చూసింది. పెన్సిలు నిలిచిపోవడం చూసింది. పసుపుపచ్చ కారు వెనక ఎర్ర దీపాలు రెండూ, కిందెక్కడో, తమ బండి ముక్కు అంచున వెలగడం చూసింది. బావగారూ అన్న పిలుపు పళ్ళ దాకా వచ్చింది. వచ్చి ఆగింది. ఆపింది భయం కాదు, ఆ క్షణాన తన లోపల ఎవరో బద్ధకంగా, ఆవలించినట్టు అన్న మాట ఒకటి ఆపింది: మనకేమవుతుందిలే.

కుదుపు మెత్తగా వచ్చింది. పరుపు మీద పడుకుని ఉంటే పక్కన ఎవరో వచ్చి కూర్చున్నట్టు, అంతే. పట్టీ భుజాన్ని ఒకసారి నొక్కి వదిలింది. గుంటలో పెట్టిన నీళ్ళ సీసా ఊగి నిలబడింది. పాట ఆగలేదు. ముందు అద్దంలోంచి చూస్తే రోడ్డు ఖాళీగా ఉంది, పసుపుపచ్చ కారు లేదు, అసలు ఎప్పుడూ లేనట్టే లేదు. బావగారు పాట ఆపాడు. "ఏం కాలేదు. నీకేం కాలేదు కదా?" "లేదు." "నాకూ ఏం కాలేదమ్మా," అన్నాడు ఆయన, ఊపిరి వదులుతూ, ఆ ఊపిరిలో ఉన్న హాయి వినగానే ఆమె తలుపు తెరుచుకుని, మెట్టు సంగతి మరిచి, ఆ ఎత్తు నుంచి రోడ్డు మీదికి దూకి మోకాళ్ళ మీద పడింది.

లేచి చూస్తే పసుపుపచ్చ కారు తమ బండి ముక్కు కింద ఉంది. తమ బంపరు దాని బంపరును తాకనేలేదు, దాని పైనుంచి ఎక్కి, వెనక అద్దాన్నీ వెనక రేకునూ కలిపి ముందుకు నెట్టి, నడిపే సీటు వీపుకు ఆనించేసింది. ఆ మూర లేదు. ఆ అమ్మాయి స్టీరింగ్ మీదికి ఒరిగి, కళ్ళు తెరుచుకునే ఉంది. జుట్టు విడిపోయింది, దాని నిండా పంచదార పలుకుల్లా అద్దపు ముక్కలు. ఆమె మొదట పెన్సిలు కోసం వెతికింది, ఎందుకు వెతుకుతోందో ఒప్పుకోకుండా, అమ్మాయి మెడ వెనకా, చెవి వెనకా వేళ్ళతో తడుముతూ. పెన్సిలు రెండు ముక్కలై అమ్మాయి ఒళ్ళో ఉంది. అటు తలుపు వంగి బిగుసుకుపోయింది, ఇటు తలుపు వచ్చింది. చుట్టిన కాగితాలన్నీ బయటికి తోసి, పక్క సీట్లో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, అమ్మాయి తలను రెండు పక్కలా రెండు అరచేతుల మధ్య పట్టుకుంది. ఎముకలు విరిగినవాళ్ళ వార్డులో అన్నాళ్ళు కూర్చున్న మనిషికి మెడను కదలనివ్వకూడదని ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

"కాళ్ళు కదులుతున్నాయా తల్లీ?"

"కదుల్తున్నాయండీ. మెడే తిప్పలేకపోతున్నా."

"తిప్పొద్దు. నేను పట్టుకున్నా."

అమ్మాయి చెంపలు చల్లగా, తడిగా ఉన్నాయి. చెవి కింద నాడి చేతికి కొట్టుకుంటోంది, పిట్టను పట్టుకుంటే గుప్పిట్లో కొట్టుకున్నట్టు. ఈ లోపల జనం మూగారు, ఫోన్లు పైకి లేచాయి, ఎవడో వెనక నుంచి హారన్ కొడుతూనే ఉన్నాడు, ఇంకెవడో, "ఏముంది దాంట్లో, రేకు డబ్బా," అన్నాడు. ట్రాఫిక్ పోలీసు వచ్చాడు. అతని వెనక బావగారు, ముఖం పాలిపోయి, చెమటలు కారుతూ, కిటికీ దగ్గర వంగి, "అమ్మా, ఎలా ఉంది," అన్నాడు. నిజంగానే అడిగాడు. అమ్మాయి కళ్ళు మాత్రమే అటు తిప్పింది.

"సారీ అండీ," అంది అమ్మాయి. "నేనే గబుక్కున ఆపేశాను. చిన్న బండి కదా, అంత ఎత్తు నుంచి మీకు కనిపించి ఉండదు. మీ బండికేమైనా అయిందా?"

ఆమె అరచేతుల మధ్య ఆ దవడ కదిలి ఆ మాటలు పుట్టాయి. చేతులకు తెలిసింది ముందు, చెవులకు తర్వాత. ఇంతమంది ఇన్నాళ్ళుగా అన్న మాటలన్నీ ఒక ఎత్తు, గుద్దించుకున్నదాని నోటి నుంచే అది రావడం ఒక ఎత్తు. ఎవరు నేర్పారు ఈ పిల్లకు ఇది. తల్లా, బడా, రోజూ రోడ్డు మీద వెనక నుంచి మోగే హారన్లా.

"చూశారా, ఆ అమ్మాయే చెబుతోంది," అన్నాడు బావగారు పోలీసుతో, గొంతులో ప్రాణం లేచి వచ్చి. "కనిపించలేదండీ. దేవుడి మీద ఒట్టు."

"కనిపించింది," అంది ఆమె.

పోలీసు వంగి చూశాడు. ఇంకొకసారి చెప్పాల్సి వచ్చింది. "సిగ్నల్ దగ్గర ఆగినప్పటి నుంచీ మా ముందే ఉంది. ఆయన దీన్ని చూసి మాట్లాడారు కూడా. ఆగడం నేను చూశాను. ఎర్ర దీపాలు వెలగడం చూశాను. ఆయన పాట మారుస్తున్నారు. నేను చెప్పొచ్చు, చెప్పలేదు."

బావగారు ఆమెను చూసిన చూపులో కోపం లేదు, ఉంటే బాగుండును. రోజూ మధ్యాహ్నం దుకాణం ముందు ఒక్కసారే హారన్ కొట్టే మనిషి, వసారా గోడకు ముఖం పెట్టుకున్న మనిషి. "ఇంటిదానివి నువ్వే అలా అంటే ఎలా అమ్మా," అన్నాడు చిన్నగా. తర్వాత, "అక్కడ వాడు నీ కోసం చూస్తుంటాడు. దిగు. నిన్ను దింపి నేనే వెనక్కొస్తా." ఇనప కడ్డీల మధ్య ఆయన ఇప్పుడు చేతుల మీద బరువు వేసి లేస్తుంటాడు, చూసే ముఖం లేకుండానే. ఆమె కళ్ళు నీళ్ళతో నిండాయి, తుడుచుకోవడానికి చేతులు లేవు. "మీరు వెళ్ళి ఆయనకి చెప్పండి బావగారూ. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి," అంది.

అంబులెన్సు జనాన్ని తోసుకుంటూ వచ్చేసరికి ఆమె మోకాళ్ళు తిమ్మిరెక్కి రాళ్ళైపోయాయి. తెల్ల చొక్కా కుర్రవాడు లోపలికి తల పెట్టి, అమ్మాయి కళ్ళలో దీపం వేసి చూసి, మెడకు పట్టీ వెయ్యబోతూ ఆమె చేతులను చూశాడు.

"మీరు ఈవిడకి ఏమవుతారు?"

ఏమవుతుంది. అక్క, పిన్ని, వదిన, మేనత్త, ఏది చెప్పినా నమ్మేవాడే, ఇంటివాళ్ళే అలా పట్టుకుంటారు.

"ఏమీ కాను. గుద్దిన బండిలోంచి దిగాను," అంది.

కుర్రవాడు పట్టీని అమ్మాయి మెడ కిందికి దూర్చాడు. "సరే," అన్నాడు. "చేతులు మాత్రం తియ్యకండి. అలాగే పట్టుకుని మాతో రండి."